దెబ్బకి ముందు

ఆర్మరర్ పిస్టల్ విప్పి పాత బనీను గుడ్డ మీద ఒక్కో భాగం పేర్చాడు. చివర్లో ఫ్రేములోంచి చిన్న బ్రష్షుతో ఏదో ఊడ్చాడు. నల్లగా, ఎండిపోయిన రేగుపండు తొక్కల్లాంటి ముక్కలు నాలుగైదు రాలాయి.

"ఇదీ మీ బఫర్. ఎప్పుడో పోయింది. లోపల ఇనుము మీద ఇనుము కొట్టుకుంటోంది," అన్నాడు.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మూడు నెలలుగా నా తూటాలన్నీ టార్గెట్‌లో ఎడమవైపు కిందికి, గడియారంలో ఏడు గంటల దిక్కుకి పోతున్నాయి. కోచ్ ఏమీ అనడు. కాగితం చూసి తలూపి పక్క లైనుకి పోతాడు. పిస్టల్ గట్టిగా తంతోంది సార్ అని నేనే రెండు మూడు సార్లు అన్నాను. ఇప్పుడు రుజువు దొరికింది. తప్పు నాది కాదు, వస్తువుది. పదేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాడికి ఇంతకంటే తీపి కబురు ఉండదు: బగ్ మన కోడ్‌లో లేదు, అవతలివాళ్ల లైబ్రరీలో ఉంది.

కొత్త బఫర్ వేశారు. మరుసటి శనివారం ముప్ఫై తూటాలు కాల్చాను. తేడా చేతికి తెలుస్తూనే ఉంది. ఇదివరకు మణికట్టులో చురుక్కుమనేది, ఇప్పుడు మెత్తగా నెట్టినట్టుంది. టార్గెట్ దగ్గరికి తెప్పించుకుని చూస్తే పంతొమ్మిది తూటాలు ఏడు గంటల దగ్గరే ఉన్నాయి.

బఫర్ అనే మాట మా వృత్తిలో రోజూ వాడేదే. పంపేవాడి వేగానికీ అందుకునేవాడి వేగానికీ పొత్తు కుదరనప్పుడు మధ్యలో పెట్టే చోటు. పిస్టల్‌లో బఫర్ దీనికి దూరపు చుట్టం. తూటా పేలగానే పైనుండే స్లయిడ్, కొన్ని మోడళ్లలో బోల్టు, వెనక్కి దూసుకొచ్చి ఖాళీ గుల్లని బయటికి విసిరేస్తుంది. దాని ప్రయాణం ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆ ఆగేచోట, రెండు లోహాల మధ్య పెట్టే చిన్న రబ్బరు ముక్కో ప్లాస్టిక్ ముక్కో బఫర్. కుండకీ నెత్తికీ మధ్య ఆడవాళ్లు పెట్టుకునే చుట్టకుదురు గుర్తుందా, అలాంటిది. అమెరికన్ల 1911 మోడల్ పిస్టల్‌లో వాడే పాలియురెథేన్ బఫర్ చూడటానికి కూడా కొంచెం అలాగే ఉంటుంది, స్ప్రింగు కడ్డీకి తొడిగే వాషర్‌లాగా.

లెక్క వేసి చూద్దామనిపించింది. పాయింట్ 22 తూటా బరువు సుమారు 2.6 గ్రాములు. గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకి 320 మీటర్ల చుట్టుపక్కల. ఈ రెంటినీ గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం ఎంతో, కనీసం అంతా పిస్టల్‌లోకి వెనక్కి రావాల్సిందే. న్యూటన్ దగ్గర బేరాల్లేవు. పాయింట్ 45 తూటా అయితే 15 గ్రాములు, సెకనుకి 250 మీటర్లు. అంటే నాలుగు రెట్ల పైమాటే. 10 మీటర్ల పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్ గుండు మాత్రం అర గ్రాము, వేగం 150 మీటర్లు. పాయింట్ 22తో పోలిస్తే పదోవంతు. బఫర్ ఈ లెక్కలో ఒక్క అంకె కూడా మార్చదు. అది సాగదీసేది కాలాన్ని. క్రికెట్ బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కోవడం గురించి తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో ఉంటుంది చూడండి, అదే. మొత్తం అంతే, విడతలు ఎక్కువ. ఈఎంఐ అనుకోవచ్చు.

దీనిమీద పనిచేసినవాళ్ల బుర్రలు చూస్తే ముచ్చటేస్తుంది. జర్మన్ కంపెనీ ఫైన్‌వెర్క్‌బౌ, స్ప్రింగు మీద పనిచేసే తన 65 మోడల్ ఎయిర్ పిస్టల్‌లో పైభాగం మొత్తాన్నీ పట్టాల మీద కూర్చోబెట్టింది. పేలినప్పుడు పైభాగమే కాస్త వెనక్కి జారుతుంది, పిడి మాత్రం చేతిలో కదలకుండా ఉంటుంది. ఆస్ట్రియావాళ్ల స్టెయిర్ ఎల్‌పి 10లో లోపల ఒక చిన్న బరువు ఎదురు దిక్కులో కదిలి గుండు తన్నుని సరిపెడుతుంది. ఇటలీ పార్డీనీ ఫ్రేములో బరువులు దాచింది. స్విస్ హేమర్లీ 208 అనే పాత పిస్టల్‌లో ప్లాస్టిక్ బఫర్ ఉంటుంది. ఆ పిస్టల్ కొనబోయేవాళ్లకి పెద్దలు చెప్పే మొదటి జాగ్రత్త, ముందు ఆ ముక్క ఎలా ఉందో చూసుకోమని. అది గట్టిపడి విరిగిపోతే స్లయిడ్ దెబ్బలు నేరుగా ఫ్రేముకి తగులుతాయి.

బఫర్ అంటే గిట్టనివాళ్లూ ఉన్నారు. 1911 వాడేవాళ్లలో ఈ తగాదా ఎప్పటికీ తెగదు. అరిగి ముక్కలై లోపలపడితే అసలు సమయానికి పిస్టల్ మొరాయిస్తుందని, స్లయిడ్ ప్రయాణాన్ని ఆ మందం మేరకి కురచ చేస్తుందని ఒక పక్షం. ఫ్రేము ఆయుష్షు పెరుగుతుందని రెండో పక్షం. నాకైతే ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. పోటీకి తీసేసి సాధనకి పెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారట, తెలివైనవాళ్లు.

ఇంతకీ నా పంతొమ్మిది తూటాల సంగతి. బఫర్ సరిగ్గా ఎప్పుడు పనిలోకి దిగుతుందో చూద్దామని ఒక రాత్రి పెన్నూ కాగితం పట్టుకుని కూర్చున్నాను. తూటా గొట్టంలో ఉండే కాలం ఒక మిల్లీసెకను కూడా లేదు. స్లయిడ్ మూడున్నర సెంటీమీటర్లు వెనక్కి వచ్చి బఫర్‌ని తాకడానికి, నా మోటు లెక్కలో, పది పన్నెండు మిల్లీసెకన్లు. అప్పటికి తూటా మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉంటుంది. ఇరవై అయిదు మీటర్ల టార్గెట్‌ని అది తాకేసరికి ఎనభై మిల్లీసెకన్లు. ఇక మనిషి శబ్దం విని కండరం కదపడానికి ఎంత చురుకైనవాడికైనా నూట యాభై దాకా కావాలి. అంటే బఫర్ మెత్తగా ఉన్నా, రాయిలా ఉన్నా, అసలు లేకపోయినా, ఆ తూటా ఎక్కడికి పోవాలో అప్పటికే తేలిపోయింది. నేను ఉలిక్కిపడేలోపే కాగితానికి చిల్లు పడింది.

మరి ఏడు గంటల దిక్కు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ లెక్క కోచ్‌కి చూపించాను. ఆయన సైన్యంలో చేసి వచ్చిన మనిషి. కాగితం వైపు ఒక్క నిమిషం మర్యాదకి చూసి జేబులో పెట్టుకున్నాడు. "బాగుంది. ఇప్పుడు పిస్టల్ ఇటియ్యి." అటు తిరిగి మేగజీన్ నింపి ఇచ్చాడు. అయిదు తూటాల్లో ఒకటో రెండో డమ్మీలు, మందు లేనివి. ఏవి ఎక్కడున్నాయో నాకు చెప్పలేదు. పక్క లైనులో ఒక కాలేజీ అమ్మాయి, వాళ్ల నాన్న నిలబడి చూస్తున్నారు. మొదటిది పేలింది. రెండోది ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది, అంతే. చప్పుడు లేదు, తన్ను లేదు. పిస్టల్ ముక్కు మాత్రం దానంతటదే కిందికి, ఎడమకి ఒక బెత్తెడు దిగింది. మణికట్టు బిగుసుకుంది. కళ్లు మూసుకున్నాను కూడా. ఏమీ జరగని దానికి.

"చూసినవా? గన్ నిన్ను కొట్టకముందే నువ్వు గన్‌ని కొడుతున్నవ్," అన్నాడు కోచ్. కొంచెం ఆగి, "మఫ్స్ పెట్టుకోంగనే నీ భుజాలు పైకి లేస్తయ్. మొదటి రోజు నుంచి చూస్తున్న," అన్నాడు. మఫ్స్ అంటే చెవులకి పెట్టుకునేవి. రేంజ్‌లో అవి లేకుండా లైను దగ్గరికి రానివ్వరు.

వస్తువు తప్పు ఎప్పుడూ ఉండదని కాదు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో పాడై, దాన్ని బాగుచేయించుకునేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయాయి. రెండు పాయింట్ల తేడాలో ఫైనల్ తప్పిపోయింది. నాది ఆ బాపతు కాదు. నాది రియాక్షన్ కూడా కాదు, ప్రిడిక్షన్. ప్రాసెసర్లు ముందు ఏ దారి పడుతుందో ఊహించి, ఆ దారిలో పని మొదలెట్టేస్తాయి. ఊహ తప్పితే చేసిన పని పారేస్తాయి. నా మణికట్టు చేసిన పని పారేయడానికి వీల్లేదు, అది కాగితం మీద చిల్లై కూర్చుంటుంది.

ఊహకి చరిత్ర కావాలి. కొత్తవాళ్లని ముందు ఎయిర్ పిస్టల్ పట్టిస్తారు, ఒళ్లు దెబ్బ నేర్చుకోకముందే గురి నేర్చుకోవాలని. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ తొమ్మిదేళ్లకి పిస్టల్ పట్టింది. రాలీ డ్రైవరైన తండ్రి ఇంట్లోనే సాధనకి చోటు అమర్చాడు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆమెకి నాలుగు పతకాలు: 25 మీటర్లలో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం, 10 మీటర్లలో మరో రెండు రజతాలు. 25 మీటర్ల పోటీ రెండో సగంలో టార్గెట్ మూడు సెకన్లే కనిపిస్తుంది. ఆ మూడు సెకన్లలో చెయ్యి ఎత్తి ఒక్క తూటా కాల్చి దించాలి. వీడియోలో నేను స్కోరు చూడను. తూటా పేలిన తర్వాత ఆమె ముఖం చూస్తాను. కనురెప్ప కదలదు.

నా చరిత్ర వేరు. నేను ముప్ఫై ఏళ్లకి పిస్టల్ పట్టాను. కానీ ఒళ్లు దెబ్బ నేర్చుకున్నది అంతకు చాలా ముందు.

మాది మాచర్ల దగ్గర పల్లెటూరు. ఇప్పుడు పల్నాడు జిల్లా, అప్పట్లో గుంటూరు. 2001 వానాకాలం పంచాయతీ ఎన్నికలప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా నాన్న ఏ పార్టీలోనూ లేడు. అంటే రెండు పార్టీలకీ అనుమానమే. రాత్రుళ్లు ఊళ్లో నాటుబాంబులు వేసుకునేవాళ్లు. చాలాసార్లు మనుషుల మీద కాదు, ఖాళీ దొడ్లో, గోడ అవతల, ఇంకా మేం ఉన్నాం అని చెప్పడానికి. తలుపులు గడియపెట్టుకుని మధ్యగదిలో ముగ్గురం ఒకే చాప మీద పడుకునేవాళ్లం. అమ్మ నన్ను తన వైపు తిప్పుకుని రెండు చేతులూ నా చెవుల మీద మూసేది. గరుకు చేతులు. ఆ చేతుల్లోంచి బాంబు 'దుమ్' అని, నీళ్లలో రాయి పడ్డట్టు వినపడేది. చెవులకి దెబ్బ తగల్లేదు. ఆ లెక్కన అమ్మ బఫర్ దివ్యంగా పనిచేసింది.

కానీ అమ్మ చేతులు శబ్దం కంటే ముందు వచ్చేవి. ఎప్పుడూ ముందే. ఒక క్షణమో రెండు క్షణాలో. అందువల్ల నాకు బాంబు అంటే ఆ దుమ్ కాదు. చెవుల మీద పడే చేతులు. వాటి తర్వాత, ఏదో రాబోతోందని తెలిసీ రాకుండా ఉండే ఆ కాసేపు. పోలింగ్ అయిపోయి, బాంబులు ఆగిపోయాక కూడా అమ్మ తల దువ్వడానికి చెవి పక్కకి చెయ్యి తెస్తే నా భుజాలు లేచేవి.

కౌంటింగ్ అయిన మర్నాడు నాన్న మమ్మల్ని టీవీఎస్ మీద ఎత్తిపోతల తీసుకెళ్లాడు. ఎందుకో చెప్పలేదు, చెప్పే మనిషి కాదు. ఎత్తిపోతల మాచర్ల నుంచి సాగర్ పోయే దారిలో ఉంది, డ్యాముకి పదకొండు కిలోమీటర్ల ఇవతల. చంద్రవంక వాగు, నక్కల వాగు, తుమ్మల వాగు కలిసి డెబ్భై అడుగుల నుంచి కింద మడుగులోకి దూకుతాయి. అక్కణ్ణుంచి ఓ మూడు కిలోమీటర్లు పోయి కృష్ణలో కలుస్తాయి. ఆ రోజు వాగు ఎర్రగా, నిండుగా ఉంది. మెట్లు దిగేకొద్దీ హోరు పెరిగింది. అమ్మ అలవాటుగా నా చెవులు మూసింది. మూసి, ఎంతసేపుంచాలో తెలియక కాసేపటికి తీసేసింది. ఆగని చప్పుడికి చెవులు మూసి ఏం లాభం? దానికి ముందు లేదు, తర్వాత లేదు. నేను అక్కడే, నాన్న తువ్వాలు పరిచిన బండ మీద, పట్టపగలు నిద్రపోయానట. తర్వాత అమ్మ చాలా ఏళ్లు ఈ ముచ్చట చెప్పేది, అంత హోరులో పిల్లోడు ఎట్టా పడుకున్నాడో అని.

నేను ఇదంతా మర్చిపోయాననే అనుకున్నాను. పోయిన దీపావళి దాకా. మా అపార్ట్‌మెంట్ కింద, పక్క బ్లాకు పిల్లాడు లక్ష్మీ బాంబు పెట్టి అగరొత్తితో వంగాడు. మా అమ్మాయికి నాలుగేళ్లు. నా పక్కన మతాబు పట్టుకుని నవ్వుతోంది. నేను ఒక్క అంగలో వెళ్లి వెనకనుంచి దాని చెవులు మూశాను. అది కెవ్వుమంది. మతాబు కింద పడేసి ఏడుపు లంకించుకుంది. బాంబు మాత్రం తుస్సుమంది, ఒత్తి తడిసినట్టుంది. ఆ పిల్లాడు దాన్ని కాలితో తన్ని ఇంకోటి తెచ్చుకోవడానికి పోయాడు. మా ఆవిడ పిల్లని ఎత్తుకుని, "బాంబుకి కాదు, నీకు భయపడింది," అంది.

కోచ్ డమ్మీ పరీక్ష పెట్టింది ఆ తర్వాత నెలలో. టిక్కుమన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ తడి ఒత్తే.

సంక్రాంతికి ఊరు వెళ్లి, తిరుగుప్రయాణంలో అమ్మానాన్నల్ని కూడా కారెక్కించుకుని ఎత్తిపోతల దగ్గర ఆగాం. జనవరిలో వాగు వానాకాలంలాగా ఉండదు, తెల్లటి పాయలు రెండు మూడు. వ్యూ పాయింట్ దగ్గర నిలబడి నాన్నకి షూటింగ్ సంగతి చెప్పాను. ఆయనకి ముందు నచ్చలేదు. "తుపాకీ కాల్చేదానికి నువ్వు డబ్బులు కట్టటవేందిరా?" అన్నాడు. తర్వాత కుతూహలం ఆగలేదు. చిన్నప్పుడు ఊళ్లో పందుల కోసం ఒకాయన దగ్గర నాటు తుపాకీ ఉండేదట. "అది తన్నిద్ది చూడు, భుజం ఊడొచ్చిద్ది. మీయి తన్నవా?" కొంచెం తన్నుతాయన్నాను. బఫర్ గురించి చెప్పాను. డమ్మీ గురించి చెప్పాను. అమ్మ చేతుల గురించి కూడా చెప్పేశాను, మామూలుగా అడిగినట్టే: అమ్మకి ముందే ఎట్టా తెలిసేది?

నాన్న కాసేపు నీళ్లకేసి చూశాడు. "పరిగెత్తే చప్పుడు," అన్నాడు. "ఏసేవాడు ముందు పరిగెత్తుకుంటా వచ్చి ఆగుతాడు. చెప్పులు ఆగినయ్యంటే ఇసురుతున్నాడని. నాకెప్పుడూ ఇనపడలా. దానికి ఇనపడేది. రాత్రంతా అదే పని, నిద్ర పోకుండా ఇంటానే ఉండేది."

ఇరవై ఏళ్ల పైన అయింది, ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. నా లెక్కలో అమ్మ చేతులు ముందు రావడం ఒక లోపం. మిల్లీసెకన్లు వేసుకుని, పిల్లాడికి భయం ఎలా ఎక్కిందో తేల్చి పెట్టుకున్నాను. ఆ చేతులు ముందు రావడానికి ఒక మనిషి రాత్రంతా చీకట్లో చెప్పుల చప్పుడు వింటూ మేలుకుని ఉండాలని నా కాగితంలో ఎక్కడా లేదు. పైగా అప్పటి బాంబుల్లో డమ్మీలు లేవు. ఆమె ఊహించింది ప్రతిసారీ పేలింది. ఆమె తన పని సరిగ్గా చేసింది. దీపావళి నాడు నేను చేసింది దానికి నకలు, కారణం పోయి చెయ్యి మాత్రం మిగిలిన నకలు.

అమ్మ అప్పటికే మనవరాలి వెనక చేరింది. హోరుకి జడుసుకుంటుందని దాని చెవులు మూయబోతే పిల్ల తల విదిలించుకుంది. "తియ్ నానమ్మా, వాటర్ సౌండ్ వినాలి." అమ్మ చేతులు తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగుకి తుడుచుకుంది. మా అమ్మాయికి అసలు కావలసింది మొసళ్లు. ఎత్తిపోతలలో మొసళ్ల పెంపక కేంద్రం ఉందని దారిలో నేనే ఊరించాను. కింద మడుగు ఒడ్డున, కొయ్యలాంటిది ఒకటి కనిపిస్తే అది మొసలా, నిజం కొయ్యా అని అరగంట వాదన నడిచింది. నాన్న మొసలేనన్నాడు. అది కదల్లేదు.

ఇప్పుడు శనివారాలు సగం సమయం డమ్మీలతోనే పోతోంది. మేగజీన్ కోచ్ నింపుతాడు, లేకపోతే పక్క లైను కాలేజీ అమ్మాయి నింపుతుంది. ఆవిడ కాస్త నిర్దయ, అయిదుకి నాలుగు డమ్మీలు పెట్టి నవ్వుతూ ఇస్తుంది. మఫ్స్ మాత్రం లైను దగ్గరికి రాకముందే, టీ తాగే బల్ల దగ్గరే పెట్టుకుంటున్నాను. పావుగంట వాటితో అటూ ఇటూ తిరిగితే అవి దేనికీ సూచన కాకుండా పోతాయని. నా ఐడియానే, కోచ్ ఏమీ అనలేదు. మొదట్లో పది డమ్మీలకి తొమ్మిదిసార్లు ముక్కు కిందికి దిగేది. మొన్న నాలుగు.

ఆర్మరర్ మళ్లీ పిస్టల్ విప్పినప్పుడు కొత్త బఫర్ చూపించమని అడిగాను. అంచు దగ్గర సన్నటి గీత పడింది. ఇంకొన్నాళ్లు వస్తుందిలే అని తుడిచి లోపల పెట్టేశాడు.